బక్కచిక్కిన లెపర్డ్ గెక్కోకు మేత ఎప్పుడు మొదలుపెట్టాలి?

మా రెండేళ్ల లెపర్డ్ గెక్కో (ఒంటిపై మచ్చలుండే ఒక రకం పెంపుడు బల్లి) బరువు రెండు నెలల్లో 58 గ్రాముల నుంచి 36 గ్రాములకు పడిపోయింది. కొవ్వు నిల్వ ఉండాల్సిన తోక పుల్లలా సన్నబడింది, కళ్లు లోపలికి పోయాయి, చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే ముడత వెంటనే సర్దుకోవడం లేదు. ఊడిరాని పాత పొర కాలి వేళ్లకు తెల్లని దారంలా చుట్టుకుని ఉంది. వెచ్చని వైపు నేలను 32 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, తడి నాచు పరిచిన గూడు కూడా అమర్చాను. మూతి అంచున పెట్టిన నీటి చుక్కలను నాకుతోంది గానీ, పురుగులను చూస్తే తల తిప్పుకుంటోంది. ఇంత నీరసించిన ప్రాణికి బలవంతంగా తినిపించాలంటే నాకు చాలా భయంగా ఉంది. ముందు ఒంట్లో నీరు పట్టేదాకా ఆగి, ఆ తర్వాతే మేత మొదలుపెట్టాలా? పరాన్నజీవులున్నాయేమో చూపించేందుకు రెట్ట నమూనాతో రేపు పశువైద్యుని వద్దకు వెళుతున్నాను; ఈలోగా ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయండి.