దత్తత గ్రామాల్లో కళాశాల పని బ్యానరు దగ్గరే ఆగిపోకుండా ఏం చేయాలి?

ప్రశ్న: ఈసీఈ అధ్యాపకురాలు

నమస్కారం. గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేస్తున్నాను. విద్యాసంస్థలు గ్రామాలను దత్తత తీసుకుని పనిచేసే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద మా కళాశాల ఐదు గ్రామాలను దత్తత తీసుకుంది. ఈ ఏడాది ఆ బాధ్యత నాకు అప్పగించారు. పాత దస్త్రాలు తిరగేస్తే ఇంటింటి సర్వే పత్రాలు, మొక్కలు నాటుతున్న ఫోటోలు, సంతకాల పట్టీలు దొరికాయి గానీ, వాటివల్ల ఆ గ్రామాలకు ఒరిగిందేమిటో కనిపించలేదు. మా విద్యార్థులు మిరప తోటల కోసం నేలలో తేమను కొలిచే సెన్సరు పరికరం తయారుచేశారు. దాన్ని ఒక పొలంలో పెట్టి, ఫోటోలతో నివేదిక పంపితే కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్‌కు సరిపోతుందని యాజమాన్యం అంటోంది. రెండేళ్ల తరువాత కూడా ఎవరో ఒక రైతు దాన్ని వాడుతూ ఉండాలన్నది నా కోరిక. విశ్వవిద్యాలయాల వాళ్లు ముందుండి నడిపించిన పనుల్లో ఊళ్లలో నిజంగా నిలిచినవి ఏవి, అవి ఎందుకు నిలిచాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: విస్తరణ విభాగంలో పనిచేసి విరమించినవారు

మేడమ్ గారూ, మీకు బాపట్ల దగ్గరే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1986లో అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే మనం తినే సాంబ మసూరి, అంతకు ముందు 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ, ఈ రెండూ మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన రకాలే. ఒక కొత్త రకాన్ని విడుదల చేసే ముందు చిరుసంచుల దశ ఒకటి ఉంటుంది. కొద్దిపాటి విత్తనాన్ని రైతుకిచ్చి, అతను ఏటా వేసుకునే రకం పక్కనే, అతని నీటితో, అతని ఎరువులతో వేయించి చూస్తారు. పరిశోధన కేంద్రం మడిలో అద్భుతంగా పండిన రకం గాలివానకు పడిపోతుందనో, మిల్లులో నూక ఎక్కువవుతుందనో ఆ దశలో రైతులే తిరస్కరించవచ్చు. ఆ తిరస్కరణను రాసుకుని వచ్చేది చాలాసార్లు శాస్త్రవేత్త కాదు, క్షేత్ర సహాయకుడు. రైతులకు సలహాలు, శిక్షణ ఇచ్చే ఏరువాక కేంద్రాలైనా, కృషి విజ్ఞాన కేంద్రాలైనా నడిచేది ఆ రాతల మీదే.

మీ పరికరాన్నీ ఒక చిరుసంచిలాగే చూడండి. ప్రారంభోత్సవం పెట్టకండి. ఇద్దరు ముగ్గురు రైతులకిచ్చి, ఒక పంటకాలం వాళ్ల మానాన వాళ్లను వాడుకోనివ్వండి. మట్టిని పిడికిట్లో పిసికి చూసి తడి పెట్టే రైతుకు మీ సెన్సరు అంతకంటే ఎక్కువ ఏం చెబుతోందో అతని నోటనే వినండి. ఏమీ చెప్పడం లేదని అతనంటే, నివేదికలో అదే రాయండి.

జవాబు 2: కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడు, హైదరాబాద్

పై సమాధానానికి నేను చేర్చేది, చేను ఫోటోలు చూసి నిపుణులు రైతుకు సలహా పంపే 'ఈ-సాగు' సంగతి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఆచార్య పి. కృష్ణారెడ్డి గారి బృందం 2004 ఖరీఫ్‌లో వరంగల్ జిల్లాలో వెయ్యికి పైగా పత్తి చేలలో దీన్ని అమలుచేసింది. గ్రామ సమన్వయకర్త నిర్ణీత గడువుల్లో ప్రతి చేనుకూ వెళ్లి, మొక్కల ఫోటోలు తీసి, వివరాలు నమోదు చేసేవాడు. ఊళ్లో ఇంటర్నెట్ వేగం చాలదు కనుక ఫోటోలను సీడీలోకి ఎక్కించి కొరియరులో హైదరాబాదుకు పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు ఒక్కో చేనును చూసి రాసిన సలహా వెనక్కి వెళ్లేది, దాన్ని సమన్వయకర్త రైతుకు చేరవేసేవాడు. రైతు అడిగేదాకా ఆగకపోవడం, ఇచ్చిన సలహాను అతను పాటించాడో లేదో మళ్లీ వెళ్లి చూడడం ఇందులో అసలు విశేషాలని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ గురించి పత్రాలు రాయడం మావంటి వారికి సులువే. ఎండలో చేను గట్ల మీద తిరిగే మనిషికి జీతం ఏ పద్దు నుంచి ఇవ్వాలన్నది మాత్రం ఏ సమావేశంలోనూ చివరిదాకా తేలదు.

జవాబు 3: ల్యాబ్ టెక్నీషియన్

మేడమ్, మీ వైపు చాలాచోట్ల నల్లరేగడి కదా. అది ఎండితే నెర్రెలు విచ్చుతుంది. సెన్సరు చుట్టూ గాలి చేరితే లోపల తడి ఉన్నా పొడిగా ఉన్నట్టే చూపిస్తుంది. ముందు అదే చేను మట్టి తెచ్చి తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచి, వచ్చిన తేమ శాతంతో మీ రీడింగును సరిచూడండి. రకరకాల తేమల దగ్గర ఇలా చూస్తే గానీ కాలిబ్రేషన్, అంటే రీడింగును అసలు తేమకు సరిపోల్చి సర్దడం, కుదరదు. ఇంకొక మాట, కొంచెం చేదుగా ఉన్నా చెప్పాలి. సెమిస్టర్ పరీక్షలు రాగానే విద్యార్థులు కనిపించరు. అప్పుడు బ్యాటరీ మార్చేదీ, తెగిన తీగ అతికించేదీ మేమే. మాకు టీఏ (ప్రయాణ భత్యం) ఉండదు, నివేదికలో పేరూ ఉండదు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వారానికి ఒక పూట మా టెక్నీషియన్ గారిని ఈ పనికి కేటాయించాలనీ, ప్రయాణ ఖర్చు ఇచ్చి నివేదికలో పేరు చేర్చాలనీ ప్రిన్సిపాల్ గారికి లేఖ పెట్టాను. రైతులను ఎంచుకునేటప్పుడు డ్రిప్ ఉన్నవారినే తీసుకోమంటారా?

జవాబు 1 రాసినవారు

డ్రిప్ ఉన్నవారిని ఇద్దరిని తీసుకోండి, కాలువ కింద సాగుచేసే రైతు ఒకరైనా ఉండాలి. వారబందీ, అంటే కాలువ నీళ్లు వంతులవారీగా వదిలే పద్ధతి, నడిచేచోట చేనుకు ఈరోజు తడి కావాలని మీ పరికరం చెప్పినా, నీళ్లు వంతు వచ్చిన రోజే వస్తాయి. అలాంటి రైతుకు దానివల్ల ఉపయోగం ఉంటుందా లేదా అన్నది మొదటి పంటకాలంలోనే తేల్చుకోవడం మంచిది.