డాలస్‌లో పాత కారు: శనివారం రెండు సెడాన్లు నడిపి చూడబోతున్నాను, ఏం గమనించాలి?

ప్రశ్న (ఇర్వింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చి ఐదు వారాలైంది. ఇప్పటిదాకా తోటి ఉద్యోగి కారులో ఆఫీసుకు వెళ్తున్నాను. వచ్చే నెల నా భార్య, ఏడాదిన్నర పాప వస్తున్నారు. ఇక కారు లేకుండా కుదరదు. పదివేల డాలర్లకు మించి పెట్టలేను. రెండు కార్లు దృష్టిలో ఉన్నాయి. ఒకటి డీలరు దగ్గరున్న 2014 నిస్సాన్ ఆల్టిమా, 98 వేల మైళ్లు తిరిగింది, 6,800 డాలర్లు. రెండోది ఒకాయన సొంతంగా అమ్ముతున్న 2015 టొయోటా క్యామ్రీ, 1,24,000 మైళ్లు, 9,300 డాలర్లు. ఆల్టిమా తక్కువ తిరిగింది, ధరా తక్కువే కాబట్టి అటే మొగ్గుతున్నాను. విజయవాడలో నాలుగేళ్లు గేర్ల కారు నడిపాను కానీ ఇంజన్ సంగతులు తెలియవు. డీలరు పది నిమిషాలు నడిపి చూసుకోమన్నారు. చాలుతుందా?

జవాబు (ప్లేనో నుంచి)

చాలదండీ. పది నిమిషాల్లో తెలిసేది సీటు మెత్తగా ఉందా లేదా అన్నదే.

ముందు మైలేజీ మాట. మనకు మైలేజీ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్న లెక్క. ఇక్కడ అమ్మేవారు ఆ మాట అన్నారంటే కారు ఇప్పటిదాకా ఎంత తిరిగిందని అర్థం. ఆ అంకె ఒక్కటే చూసి నిర్ణయించకండి. 2013 నుంచి 2016 వరకు వచ్చిన ఆల్టిమాల సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్సుకు కంపెనీయే వారంటీని ఏడేళ్లు లేదా 84 వేల మైళ్ల దాకా పొడిగించాల్సి వచ్చింది. మీరు చూసిన కారు ఆ రెండు గడువులూ దాటేసింది. గేర్‌బాక్సు మార్చాల్సి వస్తే కారు ధరలో సగం దానికే పోవచ్చు. పాపతో ఉండే కుటుంబానికి నేనైతే 26 వేల మైళ్లు ఎక్కువ తిరిగినా క్యామ్రీనే ముందు చూస్తాను. అదీ బాగా నడిపి చూశాకే.

ఇక నేను ప్రాధేయపడి చెప్పేది ఒకటుంది: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. నేను వచ్చిన కొత్తలో కొన్న కారును, నేను వెళ్లేసరికే ఆ అమ్మినాయన స్టార్ట్ చేసి ఏసీ వేసి ఉంచారు. మర్యాద అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తాళం తిప్పితే రాళ్ల మీద గొలుసు ఈడ్చినట్టు నాలుగైదు సెకన్లు చప్పుడు. ఇంజన్ లోపలి గొలుసు, అదే టైమింగ్ చైన్, అరిగిపోయిందన్నారు. బాగుచేయించడానికి 1,900 డాలర్లు అయ్యాయి. వేడెక్కిన ఇంజన్‌లో ఆ చప్పుడు చాలాసార్లు వినిపించదు. అందుకే ముందురోజే ఫోను చేసి, మీరు వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని అడగండి. ఉదయం ఏడింటికే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. మధ్యాహ్నం వెళ్తే టెక్సస్ ఎండకే రేకు కాలిపోతుంది, ఇంజన్ వేడో ఎండ వేడో తేలదు.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు వెనక నిలబడి పొగ చూడాలి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని. చలి పొద్దున కాస్త తెల్లటి ఆవిరి మామూలే, వేడెక్కాక కూడా దట్టంగా వస్తుంటేనే భయపడాలి.

రేడియో కట్టేయండి. బ్రేకు తొక్కి పట్టుకుని గేరును డీకి (ముందుకు), ఆర్‌కి (వెనక్కి) మార్చండి. పట్టుకోవడానికి ఆలస్యమైనా, కుదుపు వచ్చినా గుర్తుపెట్టుకోండి. ఖాళీ పార్కింగులో స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా చుట్టు తిరగండి, తర్వాత రెండో పక్కకు. చక్రాల దగ్గర టకటకమంటే యాక్సిల్ జాయింట్లు అరిగాయని అనుకోవాలి. అక్కడి నుంచి 183 హైవే ఎక్కండి. ర్యాంపు మీద వేగం పెంచుతుంటే ఇంజన్ అరుస్తూ కారు మాత్రం ముందుకు దూకకపోతే గేర్‌బాక్సు జారుతోందన్నమాట. సీవీటీలో ఇది మరీ శ్రద్ధగా చూడాలి. వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు వేయండి. స్టీరింగు వణికితే బ్రేకు డిస్కుల సంగతి చూడాలి. తిరిగి వచ్చాక ఏసీ పూర్తిగా పెట్టి పది నిమిషాలు నిలిపి ఉంచండి, నిలిచి ఉన్నప్పుడూ చల్లగాలి రావాలి. ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేయండి. చివరగా కింద తడి ఉందేమో వంగి చూడండి. ఏసీ నుంచి కారే నీళ్లయితే పరవాలేదు.

ఇంకో సంగతి. మీరు నాలుగేళ్లు ఎడమ పక్కన నడిపారు. మలుపు తిరగగానే చెయ్యి అలవాటుగా అటే లాగుతుంది. దారి మీద దృష్టి మీది, చప్పుళ్ల మీద దృష్టి పక్కనున్న స్నేహితుడిది. ఒంటరిగా వెళ్లకండి.

నచ్చితే అక్కడే డబ్బు ఇవ్వకుండా, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు చూపించండి. సుమారు నూట యాభై డాలర్లు అవుతుంది. చూపించడానికి ఒప్పుకోకపోతే వచ్చేయండి. డీలరు కారు అద్దానికి బయ్యర్స్ గైడ్ అనే కాగితం ఉండాలి. అందులో యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) అని గుర్తు పెట్టి ఉంటే, గేటు దాటాక ఏ మరమ్మతైనా మీదే. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, ఇక్కడ కార్లకు అలాంటి హక్కు లేదు. పైగా 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు భద్రతా తనిఖీ తీసేశారు. డాలస్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది. అంటే బ్రేకులూ టైర్లూ బాగున్నాయో లేదో మీరే చూసుకోవాలి. టైరు పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాల తర్వాత ఉండే కోడులో చివరి నాలుగు అంకెలూ చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. కారు మెరుస్తున్నా టైర్లు ముసలివైతే ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

అన్నయ్యగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 2017లో హార్వీ తుఫాను మా ఊళ్లో లెక్కలేనన్ని కార్లను ముంచింది. వరదలో మునిగిన కారు శుభ్రమై ఎక్కడికైనా చేరవచ్చు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపలి భాగంలో బురద మరక ఉంటే అదే సాక్ష్యం. స్టెప్నీ పెట్టే గుంటలో తుప్పు చూడండి. అద్దాలు మూసి ఉండగా తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన రాకూడదు. ఘాటైన సెంటు కొట్టినా అనుమానించండి. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలా దెబ్బతిన్నాక బాగుచేసినది) అన్న మాటలు ఉన్నాయేమో చదవండి తమ్ముడూ. ప్రతి కారుకూ విడిగా ఉండే 17 అక్షరాల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ) వెబ్‌సైటులో కొడితే ఇంకా బాగుచేయని రీకాల్స్ (భద్రతా లోపాన్ని బాగుచేయించుకోమని కంపెనీ ఇచ్చే పిలుపులు) ఉచితంగా తెలుస్తాయి. ఎయిర్‌బ్యాగు రీకాల్ ఉంటే పాపను ఎక్కించేలోపే చేయించండి, ఆ కంపెనీ డీలరు దానికి డబ్బు తీసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. క్యామ్రీ ఆయనకు ఫోను చేశాను. శనివారం ఏడింటికి రమ్మన్నారు, స్టార్ట్ చేయకుండా ఉంచుతానన్నారు. మెకానిక్‌కు చూపించడానికీ ఒప్పుకున్నారు. ఆల్టిమా డీలరు మాత్రం కారు తమ ఆవరణ దాటి మెకానిక్ దగ్గరికి వెళ్లదన్నారు. దాన్ని వదిలేశాను. నాతో రావడానికి స్నేహితుడు దొరకలేదు, అదొక్కటే బెంగ.

జవాబు (ప్లేనో నుంచి)

నేను వస్తాను. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే చిన్న ఓబీడీ పరికరం నా దగ్గరుంది, అదీ తెస్తాను. చిరునామా నాకు విడిగా పంపండి. ఆరున్నరకల్లా మీ ఇంటి ముందు ఉంటాను.