‘సెట్’ అంటే పట్టా, పెట్టా? వేమన పాదంలో ‘ట’ ఉందా?

మిర్యాలగూడ: ఎనిమిదో తరగతికి ఇంగ్లిషు చెప్తాను. ‘సెట్’కు ఒక్క తెలుగు మాట చెప్పండి సార్ అని ఒకమ్మాయి పట్టుబట్టింది. ‘పట్టు’ అన్నాను. అప్పటి నుంచి వేమన పద్యం నోట్లో తిరుగుతోంది. ‘పట్టి విడుచుటకన్న…’ తర్వాత ‘పరగ చచ్చుట మేలు’నా, ‘పడి చచ్చుటే మేలు’నా? మా నాయనమ్మ ఏదో ఒకటే అనేది, గుర్తు రావట్లేదు.

గద్వాల: ముందు ఆ ‘ట’ తీసేయండి సార్. ఈ పద్యం ఆటవెలది. దాని మూడో పాదం మూడు సూర్యగణాలతో, అంటే గురువు-లఘువు లేదా మూడు లఘువుల ముక్కలతో మొదలవ్వాలి. పట్టి, విడుచు, కన్న. సరిపోయింది. ‘ట’ పెడితే మూడోది ‘టకన్న’ అవుతుంది, అంటే జగణం, సూర్యగణం కాదు.

నకిరేకల్: మేం బడిలో ‘ట’తోనే చదివాం. ‘విడుచుకన్న’ అంటే నా చెవికి మాట సగంలో తెగినట్టు ఉంటుంది.

గద్వాల: రాగం తీసి పాడండి అన్నా, ‘ట’ దగ్గర నాలుక తడబడుతుంది. ఇక ‘పరగ చచ్చుట మేలు’ నగము, సలము. ‘పడి చచ్చుటే మేలు’ సలము, తగణం. అన్నీ పాదం చివర రావాల్సిన ఇంద్రగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, రెండిట్లోనూ ‘ప’యే. ఛందస్సుతో ఇది తేలదు.

దేవరకొండ: అర్థంతో తేలుతుంది. పరగు అంటే ఒప్పు. మాట తప్పి బతకడం కన్నా ఒప్పుగా చావడం మేలని వేమన మాట. ‘పడి’ అంటే అంత బరువు రాదు.

నాగర్‌కర్నూల్: పద్యం ఉండనీయండి. ‘సెట్’ అంటే పట్టు కాదు సార్, పెట్టు. అలారం పెట్టు, ముహూర్తం పెట్టు, ధర పెట్టు, నిప్పు పెట్టు. అన్నిట్లోనూ ఇంగ్లిషువాళ్లు సెట్టే వాడతారు. ఆ మాట పుట్టుక కూడా అదే, ‘సిట్’కు ప్రేరణార్థకం, కూర్చోబెట్టడం. గుంపు అనే అర్థం ఉన్న ‘సెట్’ వేరే మాట. లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి దీంతో కలిసిపోయింది. మన పంపుసెట్టు, సెట్ దోశ ఆ రెండో ఇంటివి.

హుజూర్‌నగర్: మరి సిమెంటో? మా దగ్గర కంపెనీలే కంపెనీలు. మామూలు సిమెంటు పట్టడం మొదలవడానికి కనీసం 30 నిమిషాలు, పూర్తిగా పట్టడానికి ఎక్కువలో ఎక్కువ 600 నిమిషాలు అని లెక్క. అక్కడ ‘పెట్టింది’ అనలేం కదా మేడమ్. ‘పట్టింది’ అనాల్సిందే.

నాగర్‌కర్నూల్: అందుకే మనం చేస్తే పెట్టు, దానంతటదే అయితే పట్టు అంటాను. పొద్దు మాత్రం రెంటికీ లొంగదు. పొద్దు గూకుతుంది, అంతే.

నకిరేకల్: సంబంధం కుదిరితే మా ఊళ్లో ‘సెట్టయింది’ అంటున్నారు. ‘కుదిరింది’ అనే మాట వినపడక ఎన్నాళ్లయిందో. నాకు అదే బాధ.

గద్వాల: ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 ముద్రణలో ‘సెట్’ క్రియకు 430 అర్థాలు. ఇప్పుడు ‘రన్’ 645తో దాన్ని దాటింది. మన పట్టు తక్కువదేం కాదు. చెమట పట్టింది, తుప్పు పట్టింది, ముసురు పట్టింది, గంట పట్టింది, నీకేం పట్టింది? మా చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టు మాత్రం వేరే మాట అని నా నమ్మకం, ఇంగ్లిషులో రెండు సెట్‌లు కలిసిపోయినట్టే.

దేవరకొండ: పట్టు అంటే నాకు పోతన మొసలే గుర్తొస్తుంది. ‘కరి దిగుచు మకరి సరసికి’. అక్కడ ‘దిగుచు’ అంటే లాగు. కిందికి దిగడం అని చెప్పే మాస్టార్లు ఇంకా ఉన్నారు, చాలా తప్పు. మొసలి ఏనుగును మడుగులోకి, ఏనుగు మొసలిని గట్టుకు. ‘పట్టు’ అనే మాటే లేకుండా ఆ పట్టంతా చూపించాడు మహానుభావుడు.

నకిరేకల్: ‘కరకరి బెరయన్’ దగ్గర ఆ ‘ర’లు వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ పద్యానికి వేరే పోస్టు పెట్టండన్నా, నిండా మాట్లాడుకోవాలి.

మిర్యాలగూడ: అందరికీ దండాలు. సాయంత్రం మా మేనత్తకు ఫోన్ చేశాను. నాయనమ్మ పద్యాలన్నీ ఆమెకే వచ్చు. ఆమె ‘పట్టి విడుచుకంటె’ అని ఎత్తుకుంది. కన్న కాదు, కంటె. తర్వాత ముక్క గుర్తు లేదంది.

గద్వాల: ‘కంటె’ కూడా ‘కన్న’లాగే గలమే, అంటే సూర్యగణమే, నప్పుతుంది! సార్, మళ్లీ అడిగి రికార్డు చేయండి. రెండో పాదం ‘పట్టెనేని’ దగ్గర నుంచి ఎత్తుకోమనండి, మిగతాది దానంతటదే వస్తుంది.