మగ్గం పక్కన పెట్టే అట్ట మీద ఏం రాయాలి?

ప్రశ్న (సోషల్ టీచర్, చౌటుప్పల్ దగ్గర):
మా హైస్కూల్లో ఒక ఖాళీ గదిలో ఊరి పాత వస్తువులతో చిన్న మ్యూజియం పెడుతున్నాం. మాది నేత ఊరు, గుంట మగ్గమే ముఖ్యం. దాని పక్కన అట్ట మీద "చేనేత కార్మికుడు" అని రాసి, మగ్గంలో కూర్చున్న ఒక తాత ఫోటో అంటించాను. ఎదురు గోడకు పట్టుచీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ పెట్టాను. పోయిన నెల పిల్లలతో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లొచ్చాక ఆ రెండూ చూస్తే మనసు ఒప్పుకోవట్లేదు.

అక్కడ జంట విగ్రహం చూశారు కదా. ఒకే కర్రలో చెక్కిన ఆ విగ్రహంలో, జర్మన్ కథ ఫౌస్ట్‌లోని దయ్యం మెఫిస్టోఫిలిస్ ముందు తలెత్తుకుని, అదే కథలోని అమాయకురాలు మార్గరెటా వెనక తల వంచుకుని ఉంటారు. ఆమె మనకు అద్దంలోనే కనిపిస్తుంది. "మేడం, ఆమెను ఇటు తిప్పి, అతన్ని అద్దంలో చూపిస్తే ఏమవుతుంది?" అని తొమ్మిదో తరగతి పాప ఒకతి అడిగింది. నాకు జవాబు దొరకలేదు. మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం దగ్గర కూడా ముసుగు ఎంత పలుచగా చెక్కారో అనే మాట్లాడుకున్నాం. ఆమె ఎవరని ఒక్కరం అడగలేదు.

ఇప్పుడు మా అట్ట ఎలా మార్చాలి?

జవాబు 1 (పుట్టపాక):
అక్కా, మగ్గం కంటే ముందు ఆసు పెట్టండి. నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టే చట్రం అది. మా అమ్మ ముప్పై ఏళ్లు ఆసు పోసింది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రాత్రి భుజం నొప్పికి నిద్రపోయేది కాదు. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ కష్టం చూడలేకే ఆసు యంత్రం చేశారు, దానికి ఆమె పేరే లక్ష్మి అని పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాట్నం, కండెలు, రంగు అంటకుండా నూలుకు ముడులు వేసే చిటికి కట్టడం, వీటిలో ఆడవాళ్ల చెయ్యి పడనిది ఏది? అయినా ఎక్కడ చూసినా ఫోటో మగ్గం మీద మనిషిదే.

జవాబు 2 (గద్వాల):
మేడం, పేరు కూడా ఒక అట్టే. మా ఆలంపురం మ్యూజియంలో సంతాన దేవత లజ్జాగౌరి శిల్పం ఉంది. తల ఉండాల్సిన చోట తామరపువ్వు, ప్రసవానికి సిద్ధమైన భంగిమ. ఆ దేహంలో సిగ్గు ఎక్కడుంది? "లజ్జ" చూసేవాళ్లది. నాగార్జునకొండలో దొరికిన ఇలాంటి శిల్పం మీద ఆ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల వంశపు రాణి ఖండువుల తన పేరు చెక్కించుకుంది. దాంతోపాటే భర్త, కొడుకులు బతికి ఉన్నారనీ రాయించింది. అప్పుడు ఆడదాని గౌరవానికి అదే కొలత. అయినా పేరు మాత్రం మిగిలింది. మీరూ పేర్లు అడిగి రాయండి.

జవాబు 3 (దేవరకొండ):
తాత ఫోటో తీసేయకండి. ఆయన పనీ నిజమే. పట్టుచీర బొమ్మ తీసి, ఆ చీరకు ఆసు పోసినామె ఫోటో అక్కడ పెట్టండి.

టీచర్:
బొమ్మ ఇవాళే తీసేశాను. పుట్టపాక చెల్లీ, అమ్మగారి దగ్గర పాత ఆసు చట్రం ఉంటే నాలుగు రోజులు ఇస్తారా? నేనే వచ్చి తీసుకెళ్తాను. ఆమె ఒప్పుకుంటేనే అట్ట మీద పేరు రాస్తాను.