ముక్కూమొహం తెలియని వాళ్లు ప్రాణం నిలబెడితే ఆ రుణం ఎలా తీర్చుకోవాలి?

పెదవాల్తేరు_వాసి: రోడ్డు మీద యాక్సిడెంట్. దారిన పోయేవాళ్లెవరో 108కి ఫోన్ చేస్తారు, బండి విశాఖ కేజీహెచ్‌లో (పెద్ద ప్రభుత్వాసుపత్రి) దించుతుంది, ఎవరిదో రక్తం ఎక్కుతుంది, మనిషి బతుకుతాడు. ఇంట్లో పెద్దవాళ్లు "సింహాచలం అప్పన్నే పంపించాడు" అని గిరిప్రదక్షిణ మొక్కేస్తారు. మొక్కు సరే, మరి ఆ మనుషుల మాటేమిటి? డబ్బిస్తే బాగుంటుందా? వాళ్లను ఎలా కనుక్కోవాలి?

కాలర్_కట్టు: డబ్బు వద్దండి. 108 ఉచితం. మీరు చేతిలో పెట్టే నోటు వాళ్ల ఉద్యోగానికే ఎసరు. బండిలో ఒక ఈఎంటీ (ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్), ఒక పైలట్ ఉంటారు (డ్రైవర్ని అక్కడ అలాగే అంటారు). పేషెంటును క్యాజువాలిటీలో అప్పగించగానే ఇంకో కాల్‌కి పరుగు. ఆ మనిషి బతికాడో లేదో కూడా చాలాసార్లు వాళ్లకు తెలియదు. అందుకని 108 నడిపేవాళ్లకు ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏ తేదీ, ఫోన్ ఎన్నింటికి వెళ్లింది, ఎక్కడ ఎక్కించుకున్నారు, ఎక్కడ దించారు, ఇప్పుడు మనిషి ఎలా ఉన్నాడు. ఈ వివరాలుంటే ఆ ట్రిప్పు ఎవరిదో రికార్డులో దొరుకుతుంది. "బాగా చూసుకున్నారు" అంటే చాలదు, "మెడకు కాలర్ వేశాకే కదిపారు" అని చేసిన పని పేరు పెట్టి రాయండి.

ఇక ఫోన్ చేసిన దారిన పోయే దానయ్య. పేరు చెప్పకుండా వెళ్లిపోయే హక్కు ఆయనకుంది. ఆదుకున్నవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. కాబట్టి సీసీ కెమెరా బొమ్మ తీసి "ఈయనెవరో చెప్పండి" అని వాట్సాప్‌లో తిప్పకండి. ఆయనే ముందుకొస్తే మాత్రం కేంద్రం ఇచ్చే నగదు బహుమతి ఉంది. 2021లో 5,000 రూపాయలతో మొదలైంది, తర్వాత 25,000 చేశారు. తీవ్రంగా గాయపడినవాళ్లను మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చి ఉండాలి. పోలీసులు ఇచ్చే రసీదులో పేరు, చోటు, తేదీ, టైము సరిగా పడ్డాయో లేదో ఆయన్ని అక్కడే చూసుకోమనండి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ముందుకు వెళ్లేది ఆ కాగితమే.

ఓ_నెగటివ్_ఎంవీపీ: రక్తం సంగతికొస్తే, అందరూ చేసే తప్పు ఒకటే. పుట్టినరోజనో, ప్రమాదం జరిగి ఏడాదైందనో పదిమందీ ఒకేరోజు వెళ్లి ఇచ్చేస్తారు. ప్లేట్‌లెట్లు నిలవుండేది 5 రోజులు, ఎర్రకణాలు మహా అయితే 42 రోజులు. మిగిలింది పారబోయడమే. ఇంట్లో నలుగురుంటే నలుగురూ వేర్వేరు నెలలు పంచుకోండి. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఎడం ఉండాలి. బరువు కనీసం 45 కేజీలు, హిమోగ్లోబిన్ 12.5. ఒకరి వంతు ఏప్రిల్‌లోనో మేలోనో పడేలా చూడండి. కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు, బ్లడ్ బ్యాంకులో రక్తం సంచులు తగ్గేది అప్పుడే.

ఇంకోటి. గిరిప్రదక్షిణ మొక్కు, రక్తదానం ఒకేరోజు పెట్టుకోకండి. 32 కిలోమీటర్లు చెమటోడ్చి, ఉపవాసంతో వెళ్లి సూది గుచ్చించుకుంటే కళ్లు తిరిగి పడిపోతారు. మధ్యలో నాలుగు రోజులైనా వదలండి.

జాలారిపేట_తెరచాప: యాక్సిడెంట్ల గురించే మాటాడుతున్నారు, బీచ్‌లో మునిగినోళ్లను లాక్కొచ్చే గజ ఈతగాళ్ల ఊసే లేదు. వాళ్లకి శాలువాలు కప్పకండి బాబూ, తాడు కొనివ్వండి. అదీ నైలాన్ తాడు కాదు, నైలాన్ నీళ్లలో మునిగిపోద్ది, మునిగేవాడి చేతికి అందదు. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది. 8 మిల్లీమీటర్ల మందం, 30 మీటర్ల పొడవు, చివర లైఫ్‌బాయ్ రింగు (పట్టుకుని తేలే చక్రం). తాడు ఎండలో వదిలేస్తే పెళుసెక్కిపోద్ది, నీడన చుట్టిపెట్టాలి. చేత్తో నలిపితే పొట్టులా రాలుతుంటే మార్చేయడమే.

పెదవాల్తేరు_వాసి: ఇవన్నీ రాసుకున్నాను. ఒక్క సందేహం. మా అమ్మగారు ఆ తెలియని మనిషి పేరున సింహాచలంలో అర్చన చేయించాలంటున్నారు. పేరు తెలీదు, గోత్రం తెలీదు.

తొలిపావంచా: గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పడం ఆనవాయితీ. పేరు దగ్గర "మమ్మల్ని ఆదుకున్నవారు" అంటే సరిపోతుంది, నక్షత్రం అడిగితే తెలియదని చెప్పండి. దైవం మానుష రూపేణ అన్నారు కానీ ఆ మానుషుడిది ఏ మతమో చెప్పలేదు కదా. అమ్మగారికి అభ్యంతరం లేకపోతే హార్బరు దగ్గర పక్కపక్కనే మూడు కొండలున్నాయి, వెంకన్న గుడి, మరియమాత చర్చి, దర్గా. మూడింటికీ ఒకే పూటలో వెళ్లి రావచ్చు. మెట్లుంటాయి, మోకాళ్ల నొప్పులుంటే మాత్రం జాగ్రత్త.