గుంటూరు బోరు నీళ్ళు, 3 అడుగుల సొంత అక్వేరియం: అద్దం ఎంత మందం, ఏ చేపలు వేయాలి?

బ్రాడీపేట_బోరు:
అందరికీ నమస్కారం. హాల్లో గోడవారగా అక్వేరియం సొంతంగా కట్టుకుందామని ఉంది. కొలత 36 x 15 x 18 అంగుళాలు అనుకున్నాను. అద్దాల కొట్లో 5 మి.మీ. చాలంటున్నారు. అది ఆగుతుందా? మాది అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, బరువు సంగతి కూడా చెప్పండి. నీళ్ళు బోరువి, మీటరు పెడితే టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పుల కొలత) 900. బకెట్ అడుగున తెల్లగా గార కడుతుంది. మున్సిపల్ కుళాయి కూడా ఉంది. నియాన్ టెట్రాలు పది, ఏంజెల్ రెండు, గోల్డ్‌ఫిష్ రెండు, అద్దం నాకడానికి ఒక సక్కర్ వేద్దామని ఉంది. నీళ్ళు పోసి రెండ్రోజులు ఆగి చేపలు వదిలేయొచ్చని చేపల కొట్లో చెప్పారు. నిజమేనా?

గాజుపని:
5 మి.మీ. వద్దండి. 40 సెం.మీ. ఎత్తు నీళ్ళు నిలబడితే మీ ముందు అద్దాన్ని నెట్టే బలం 70 కేజీలు దాటుతుంది. అందులో ముప్పాతిక వంతు పడేది కింది సగం మీదే. 5 మి.మీ. అద్దం పోసిన రోజే పగలకపోవచ్చు. మధ్యలో బొర్ర వస్తుంది, దాంతో మూలల్లో సిలికాన్ రోజూ సాగుతూ ఉంటుంది. కొన్ని నెలలకి ఒక రాత్రి పూట అతుకు విడుతుంది. 8 మి.మీ. మామూలు ఫ్లోట్ గ్లాసు తీసుకుని పైన అంచుల వెంట అద్దం పట్టీలు వేయండి. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) అక్కర్లేదు.

కొట్లో అంగుళాల్లో చెప్పకండి, మి.మీ.లో కాగితం మీద రాసివ్వండి. అడుగు ముక్క 914 x 381. ముందు, వెనక 914 x 457 రెండు. పక్కలవి 363 x 457 రెండు. గోడలు అడుగు ముక్క మీద నిలబడతాయి, పక్క ముక్కలు ముందు వెనకల మధ్యలో కూర్చుంటాయి. 381లోంచి రెండు అద్దాల మందం 16, సిలికాన్‌కి 2 తీసేస్తే 363. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే, పక్క ముక్కలు కూడా 381 కోయిస్తారు. పై పట్టీలు 890 x 50 రెండు, వాటి మధ్య అడ్డంగా ఇంకొకటి. అంచులన్నీ గ్రైండింగ్ చేయించండి.

సిలికాన్ వెనిగర్ వాసన వచ్చే రకం, క్లియర్‌ది కొనండి. బాత్రూమ్‌కి, శానిటరీకి అని రాసి ఉన్నవాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకి విషం. ట్యూబు మీద గడువు తేదీ చూడండి, పాతదైతే ఎన్నాళ్ళున్నా గట్టిపడదు. ఈ సైజుకి ఒక ట్యూబు బొటాబొటిగా సరిపోతుంది, రెండు దగ్గర పెట్టుకోండి. పని మధ్యలో కొట్టుకి పరిగెత్తే వీలుండదు.

అతికే అంచుల్ని అసిటోన్‌తో తుడిచాక వేలు తగలనీయకండి. మూల నుంచి 6 మి.మీ. వదిలి మాస్కింగ్ టేప్ వేయండి. మొదట వెనక వైపు అద్దం, తర్వాత పక్కలు, చివరికి ముందు వైపుది. సిలికాన్ తెగకుండా ఒకే ధారగా వేసి అద్దం ఆనించండి, గట్టిగా అదమొద్దు. మధ్యలో 1 మి.మీ. పొర మిగలాలి, మొత్తం బయటికి వచ్చేస్తే అతుక్కోవడానికి ఏమీ ఉండదు. లోపలి మూలని గ్లవ్ వేసిన వేలితో ఒక్కసారే లాగి, వెంటనే టేప్ పీకేయండి. ఐదారు నిమిషాల్లో పైన చర్మం కడుతుంది, ఆ తర్వాత ముట్టుకుంటే గరుకుగా చిరిగిపోతుంది. మర్నాడు పై పట్టీలు వేయండి. వారం దాకా నీళ్ళు పోయొద్దు.

మొదట డాబా మీదో బాల్కనీలోనో థర్మోకోల్ పరిచి, దాని మీద ట్యాంకు పెట్టి, చుట్టూ అడుగు అంచుకి ఆనించి పొడి న్యూస్‌పేపరు పెట్టండి. మూడో వంతు, మూడింట రెండొంతులు, నిండా అని విడతలుగా నింపి రెండ్రోజులు చూడండి. చుక్క కారినా పేపరు చెబుతుంది. కారితే పైన పూత పూయడం దండగ. ఎండిన సిలికాన్‌కి కొత్త సిలికాన్ పట్టదు. ఆ అతుకు మొత్తం బ్లేడుతో గీకి మళ్ళీ వేయాల్సిందే.

బరువు: అద్దం 32, ఇసుక 25, నీళ్ళు 120 పైన. స్టాండు కాక 180 కేజీలు. హాలు మధ్యలో కాకుండా కింద బీము ఉన్న గోడవారన పెట్టండి. స్టాండు రసమట్టంతో సరిచూడండి. ఒక మూల 3 మి.మీ. పల్లం ఉన్నా అడుగు అద్దం మీద మెలి పడుతుంది.

కాలవగట్టు:
అద్దం సంగతి పైన చెప్పారు, నీళ్ళ సంగతి నేను చెప్తాను. మీ చేపల లిస్టు మొత్తం కొట్టేయండి. నియాన్‌లకి మెత్తటి నీళ్ళు, అంటే ఉప్పులు తక్కువున్నవి కావాలి, మీ బోరుకి ఆగవు. ఏంజెల్ పెద్దదైతే నియాన్‌ని మింగుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప, పైగా మురికి ఎక్కువ చేస్తుంది. సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఏం చేయాలో తెలియక కాలవలో వదిలేవాళ్ళ పుణ్యమే మన చెరువు రైతుల వలలు చింపే దెయ్యం చేప. నీళ్ళకి తగ్గ చేపని తెచ్చుకోండి, చేప కోసం నీళ్ళని మార్చబోతే ప్రతి వారం యుద్ధమే.

అలాగని 900 కూడా ఎక్కువే. కుళాయి నీళ్ళు కృష్ణవి, బోరు కంటే చాలా మెత్తన. రెండూ సగం సగం కలిపి మీటరు పెట్టి చూడండి, 500 దరిదాపుల్లో ఉంటే చాలు. ప్రతిసారీ అదే కొలత పాటించండి. ఒట్టి ఆర్‌ఓ నీళ్ళతో నింపకండి. వాటిలో పీహెచ్‌ని (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) నిలబెట్టే ఉప్పులు ఉండవు, హఠాత్తుగా పడిపోతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్‌ పోవడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) వాడండి. 10 గ్రాముల పలుకులు లీటరు నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకుంటే 15 లీటర్ల బకెట్‌కి 15 మి.లీ. సరిపోతుంది.

రెండ్రోజుల మాట నమ్మకండి. చేప వదిలే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో పెరగడానికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. మన వైపు ఈ విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. పీహెచ్ 7 దగ్గర, 30 డిగ్రీల వేడిలో అమోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. మన గట్టి నీళ్ళలోలా పీహెచ్ 8 అయితే ఏడు వంతులు దాకా ఉంటుంది. అందుకే కొత్త ట్యాంకులో చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి, మొప్పలు ఎర్రబడతాయి. గాలి చాల్లేదనుకుని ఇంకో పంపు పెడతారు, జబ్బు అది కాదు.

చేపల్లేకుండానే మొదలుపెట్టండి. అమోనియం క్లోరైడ్ ముప్పాతిక గ్రాము వేస్తే మీ 120 లీటర్లకి సుమారు 2 పీపీఎం (లీటరుకి 2 మి.గ్రా.) అమోనియా వస్తుంది. ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవాళ్ళ నవాసారం అదే, కానీ బజారుదాంట్లో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం. ల్యాబ్ సామాన్ల కొట్లో శుద్ధమైనది చిన్న సీసా కొనండి. టెస్ట్ కిట్‌తో చూస్తూ, పడిపోయినప్పుడల్లా మళ్ళీ వేయండి. వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే సిద్ధమైనట్టు. సగం నీళ్ళు మార్చి చేపలు వదలండి. తెలిసినవాళ్ళ నడుస్తున్న ట్యాంకులోంచి పాత స్పాంజి దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది.

కృష్ణ ఇసుక 25 కేజీలు, జల్లించి, బకెట్లో నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. గుప్పెడు తీసి వెనిగర్ పోస్తే బుడగలొస్తే గుల్లలున్నట్టు. మీకు అసలే గట్టి నీళ్ళు, అలాంటి ఇసుక వద్దు.

బ్రాడీపేట_బోరు:
చాలా థ్యాంక్సండి. లిస్టు మొత్తం పోయిందనుకోండి! మరి ఏ చేపలు వేయను? ఎండాకాలం, కరెంటు కోతల సంగతేమిటి?

కృష్ణలంక_44:
మాలీలు ఆరు, రెండు మగ, నాలుగు ఆడ. గట్టి నీళ్ళంటే వాటికి ఇష్టం. పెర్ల్ గౌరామీ మూడు, ఒక మగ, రెండు ఆడ. గౌరామీ పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, ఎండాకాలం నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటుంది. మాలీ పిల్లల్ని కొన్నింటిని అవే తినేస్తాయి, లేకపోతే ఏడాదికి ట్యాంకు పట్టదు. ఆడది ఒకసారి జతకట్టినా నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. ముందు మాలీలు, రెండు వారాలాగి గౌరామీలు. మొక్క కావాలంటే వాలిస్నేరియా నాటండి, మీ నీళ్ళలో పిచ్చిగా పెరుగుతుంది.

హీటర్ డబ్బులు మిగుల్చుకోండి. రోహిణి కార్తెలో హాల్లోనే నీళ్ళు 33, 34 డిగ్రీలకి పోతాయి. మూత తీసి నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఉక్కపోత రోజుల్లో అంత దిగదు. ఆవిరైన నీళ్ళ బదులు ఆర్‌ఓ నీళ్ళు పోయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు లోపలే ఉంటాయి కాబట్టి బోరు పోస్తే టీడీఎస్ ఎక్కుతూ పోతుంది. ఐసు ముక్కలు వేయకండి.

ఫిల్టర్ రెండు స్పాంజిలు, రెండు మూలల్లో, ఒక ఎయిర్ పంపుతో. పంపు తినేది ఐదు వాట్లలోపే, ఇన్వర్టర్ లైనుకి ఇవ్వండి. పంపు ట్యాంకు కంటే కింద ఉంటే ట్యూబులో నాన్‌రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. కరెంటు పోగానే నీళ్ళు ట్యూబులోంచి వెనక్కి జారి పంపులోకి, అక్కణ్ణుంచి ప్లగ్గు దాకా వస్తాయి. వాల్వ్ పెట్టేముందు నోటితో ఊది చూడండి, గాలి పోయే వైపు ట్యాంకుకి ఉండాలి. స్పాంజిని కుళాయి కింద కడగకండి, మార్చగా తీసిన ట్యాంకు నీళ్ళలోనే పిండండి. వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత.

బ్రాడీపేట_బోరు:
కొలతలు రాసుకున్నాను. ఒక్క సందేహం, గ్రైండింగ్‌లో పక్క ముక్క 363 నుంచి ఒక మి.మీ. తగ్గితే?

గాజుపని:
గ్రైండింగ్ అయ్యాక 363 రావాలని చెప్పండి. 362 వచ్చినా సిలికాన్ సర్దుకుంటుంది. రెండు పక్క ముక్కలూ ఒకే కొలత ఉండటం ముఖ్యం. కొట్లోనే ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగు అంచులూ వేలితో తడిమి చూసుకుని తెచ్చుకోండి.