సండే స్కూల్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న:
మా బాబుకి తొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లో ఇద్దరం ఉద్యోగాలు. ఆదివారం చర్చి మానం, వాడు కంఠత వాక్యాలు గడగడా చెప్తాడు. మొన్న లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ గారిని ‘ఏయ్’ అని పిలిచాడు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.
మా అమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఏదీ బోధించలేదు. రేపల్లె దగ్గర మా ఊళ్లో, ఎసట్లోకి బియ్యం కొలిచాక ఒక పిడికెడు తీసి గూట్లోని డబ్బాలో వేసేది. బియ్యం నిండుకున్న పూట కూడా. ఆదివారం అవి చర్చికి వెళ్లేవి. ఆ డబ్బా మూత చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా ఇంట్లో అలాంటిది ఏదీ లేదు. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు:
మాది డోర్నకల్ వైపు. 1912లో ఇక్కడ మొదటి బిషప్ అయిన అజరయ్య గారు, మారిన బతుకే పొరుగువాళ్లకు సాక్ష్యం అని నేర్పారట. మా తాతయ్య నోట విన్న మాట. పిడికెడు బియ్యం మా ఇంట్లో ఇంకా ఉంది. మీరూ ఒక డబ్బా పెట్టండి, బాబు చేతే వేయించండి.

జవాబు:
నాన్నది కిరాణా కొట్టు. పప్పు తూచాక ముల్లు నిలబడేదాకా ఆగి, పైన నాలుగు గింజలు వేసేవారు. దొంగ త్రాసు దేవుడికి అసహ్యం అని చెప్పే బైబిల్ సామెతల గ్రంథం 11వ అధ్యాయం నాకు అక్కడే అర్థమైంది.

జవాబు:
ముందు బాబుని తీసుకెళ్లి ఆ వాచ్‌మన్ గారికి సారీ చెప్పించండి, అక్కా. మీరూ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
వెళ్లాం. ఆయన పేరు కూడా మాకు తెలియదని అప్పుడే తెలిసింది. రాత్రి ప్రార్థనలో బాబు ఆయన పేరు చెప్పాడు.